మూలబడిన పికప్ బండి



హిందూపురమునుండి పెనుకొండ మీదుగా ధర్మవరమునకు పోవు వారికి, త్రోవలోని ఏ పల్లెలోనైనను దొడ్డిగోడ వెనుకనో, కానుగచెట్టు క్రిందనో, నాలుగు టైర్లును నేల కంటుకొని నిలిచిపోయిన పికప్ బండి యొకటి కానవచ్చును. దాని తొట్టిలో వంటచెఱకు పేర్చియుందురు. ముందు సీటుపై కోళ్ళు పొదుగుచుండును. పెనుకొండ చెంత ఎర్రమంచి యొద్ద కియా కర్మాగారము 2019 నుండి క్రొత్త కార్లను తయారుచేసి పంపుచున్నది. ఆ కార్లను మోయు పెద్ద లారీలు పోవు 44వ జాతీయ రహదారికి కూతవేటు దూరముననే ఈ పాత బండ్లు మట్టిపట్టి యున్నవి.

వీనిలో చాలభాగము ఒకప్పుడు కుటుంబమును పోషించినవే. టాటావారి 407 బండి 1986 లోను, 207 పికప్ దాని తరువాతను సంతకు వచ్చినవి. మహీంద్రావారి జీపు ముఖము గల పికప్పులు అంతకు ముందునుండియు కలవు. హిందూపురపు మార్కెట్టునకు చింతపండు, బెల్లము, పట్టుగూళ్ళు చేరవేసినవి, ధర్మవరపు మగ్గములకు నూలు, జరీ తెచ్చినవి, వేరుసెనగ కాయల మూటలు మోసినవి ఇవే. 2005 లో టాటా ఏస్ వచ్చినది. జనులు దానికి ‘చోటా హాథీ’ అని పేరు పెట్టిరి. చిన్న బాడుగలన్నియు దాని పాలైనవి. వానలు తప్పిన ఏండ్లలో పంటయే లేనప్పుడు మోయుట కేమున్నది? కొన్ని యిండ్లలో బండి నడపిన తండ్రి గతించినాడు. కుమారుడు బెంగళూరునకు పనికి పోయినాడు. బండి అట్లే నిలిచిపోయినది.

ఇప్పుడా కుమారుడే తిరిగివచ్చి, టమాటయో కూరగాయలో పండించి, ‘క్రొత్త బండి కొను శక్తి లేదు. దీనినే లేపవచ్చునా?’ అని అడుగుచున్నాడు. వాకిట గుజిరీ వర్తకుడు నిలిచి కిలోల లెక్కన వెల చెప్పుచున్నాడు. అమ్మవలెనా, బాగుచేయవలెనా? ఈ ప్రశ్నకు తక్కువ ఖర్చులో జవాబు తెలిసికొను మార్గమునే నేడు మనవి చేయదలచితిమి.

మొదట చేతికి స్పానరు తీసికొనరాదు. పెట్టె తెఱచి కాగితములు తీసికొనవలెను. బండి మీది ఛాసిస్ సంఖ్యయు, ఇంజిను సంఖ్యయు రిజిస్ట్రేషను పత్రములోని వానితో సరిపోవుచున్నవా చూడవలెను. బండి గతించిన తండ్రి పేర నున్నచో వారసుని పేరునకు మార్చుటకు 31వ నమూనా దరఖాస్తు కలదు. అప్పు ఎప్పుడో తీరియుండినను పత్రముపై ఫైనాన్సు కంపెనీ పేరు అట్లే నిలిచియుండుట మనవైపు సాధారణము. దానిని తొలగించుటకు 35వ నమూనాపై ఆ కంపెనీ వారి సంతకము కావలెను. సరకుల బండికి ఫిట్‌నెస్ పత్రము తప్పనిసరి. ఎనిమిదేండ్లు దాటిన బండికి ఏటేటను దానిని పొందవలెను. ఇక పన్ను బకాయి. బండి తిరుగుటలేదని రవాణా కార్యాలయమునకు ముందుగా తెలిపియుండిరా లేదా యన్నదానిపై ఈ బకాయి ఎంతయో తేలును. ఇంజినునకు పెట్టబోవు సొమ్ముకంటె ఇది పెద్దదైన సందర్భములు కలవు. పదిహేనేండ్లు దాటిన బండ్లకు రుసుములు 2022 ఏప్రిల్ నుండి పెరిగినవన్నది కూడ గుర్తుంచుకొనవలెను. కావున ఒక దినము కార్యాలయము చుట్టు తిరుగుటయే ఈ పనిలో మొదటి మరమ్మతు.

కాగితములు పనికివచ్చునని తేలిన పిమ్మట బండి క్రిందికి దూరి ఛాసిస్‌ను చూడవలెను. ఈ విషయములో మన సీమ కరవు మనకు మేలే చేసినది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతముననే వాన కురియు ఈ నేలపై ఇనుము అంత త్వరగా తినబడదు. సముద్రపు గాలి తగులు బందరులో పదేండ్లు నిలిచిన బండికిని, ధర్మవరములో పదేండ్లు నిలిచిన బండికిని చాల భేదముండును. ఐనను చెట్టు క్రింద నిలిచిన బండిలో ఆకులు కుళ్ళి, నీరు నిలిచి, అద్దము క్రింది రేకును, క్యాబిను నేలను తినివేయును. ముఖ్యముగా కమాను పట్టీలు బిగించిన చోట్ల ఛాసిస్‌పై సుత్తితో మెల్లగా కొట్టి చూడవలెను. ఖంగుమన్నచో మంచిది. మెత్తగా బొద్దుమన్నచోట, పగులు కనబడినచోట, బండి కథ ముగిసినట్లే. అతుకువేసి బరువు మోయించుట ప్రాణములతో చెలగాటము. మన యెండ ఇనుమును కాపాడినను రబ్బరును మాత్రము కాపాడదు. గొట్టములు, బెల్టులు, టైర్లు, బ్రేకు కప్పులు అన్నియు బీటలు వారియుండును.

ఇక ఇంజిను. ఇక్కడ అందరును చేయు తొందరపని యొకటి కలదు. పదిమందిని పిలిచి బండిని త్రోయుట, లేదా ట్రాక్టరునకు కట్టి లాగుట. ఇటీవల పెనుకొండకు సమీపమున నొక పల్లెలో ఇట్టి బండియొకటి లేచుట మేము దగ్గరనుండి చూచితిమి. బండి గల యువకుడు మోకు సిద్ధముగా పట్టుకొని, ‘లాగి చూద్దామా మామా?’ అని వృద్ధుడైన మెకానిక్కు నడిగెను. ఆయన బీడీ ఆర్పి, ‘పదేండ్లు నిలబడిండే బండి, ఇంగ రెండు దినాలు నిలబడితే ఏం పోతాదిలే అబ్బీ?’ అనెను. ఆ రెండు దినములే ఆ యింజినును కాపాడినవని మా అభిప్రాయము.

కారణమేమనగా, ఏండ్ల తరబడి కదలని ఇంజినులో పిస్టను చుట్టునున్న రింగులు సిలిండరు గోడకు సన్నని త్రుప్పుతో అంటుకొనియుండును. బలవంతముగా త్రిప్పినచో రింగులు విరుగును, గోడ గీతలు పడును. సిలిండరులోనికి నీరో నూనెయో ఎక్కువ చేరియున్నచో ఇంకను ప్రమాదము. ద్రవము గాలివలె నొక్కబడదు. పిస్టను పైకి వచ్చి దానిని తాకినప్పుడు కనెక్టింగ్ రాడ్డు వంగును. అప్పుడు చవుకగా లేపవలెనన్న ఆశ పోయినట్లే. కావున డీజిలు బండియైనచో నాజిళ్ళను ఊడదీసి, ఒక్కొక్క రంధ్రములో రెండేసి చెంచాల ఇంజిను ఆయిలును డీజిలును కలిపి పోసి, గుడ్డతో మూసి ఒక రాత్రి, వీలైన రెండు రాత్రులు ఉంచవలెను. పిమ్మట గేరును న్యూట్రలులో పెట్టి, ముందున్న పుల్లీ బోల్టునకు పొడుగు స్పానరు వేసి, ఇంజిను తిరుగు దిక్కుననే చేతితో మెల్లగా త్రిప్పవలెను. పాత జీపు పికప్పులకు హ్యాండిలే యుండును. కదలనిచో మరల నూనె, మరల ఓపిక. స్పానరునకు గొట్టము తొడిగి ఇద్దరు వ్రేలాడుట కూడదు. రెండు చుట్లు సాఫీగా తిరిగినప్పుడే సగము యుద్ధము గెలిచినట్లు. నాజిళ్ళు తీసియుండగనే స్టార్టరుతో కొన్ని క్షణములు త్రిప్పినచో మిగిలిన నూనె పైకి చిమ్మి పోవును. ఆ సమయమున ఎవ్వరును రంధ్రములపైకి వంగరాదు.

ఈ పనికి క్రొత్త బ్యాటరీ కొననక్కరలేదు. పొరుగువారి ట్రాక్టరు బ్యాటరీ 12 వోల్టులదే గనుక ఒక పూటకు ఎరువు తెచ్చుకొనవచ్చును. 24 వోల్టుల లారీ ఏర్పాటును మాత్రము దగ్గరకు రానీయరాదు. ఇంజిను ప్రాణము తేలిన తరువాత క్రొత్త బ్యాటరీ కొనునప్పుడు పాతదానిని పారవేయవలదు. దానిలోని సీసమునకు వెల కట్టి అంగడివారు తగ్గింపు నిత్తురు.

పాత ఆయిలును దింపునప్పుడు మొదట వచ్చు ధారను గాజుసీసాలో పట్టి చూడవలెను. మొదట నీరు వచ్చి, పిదప నూనె తెల్లగా మజ్జిగవలె కనబడినచో హెడ్డు గాస్కెట్టు గాని, అంతకంటె లోతైనది గాని చెడియుండునని అనుమానింపవలెను. నల్లగా చిక్కగా వచ్చినచో మంచిదే. మొదటిసారి పోయుటకు సాధారణపు ఆయిలు చాలును. ఇంజిను కొన్ని గంటలు నడచిన పిదప అది లోపలి మురికినంతయు కలుపుకొనును, దానిని దింపి అప్పుడు మేలైన ఆయిలు పోయవలెను. గాలి ఫిల్టరు డబ్బాను తప్పక తెఱవవలెను. మేము చూచిన బండిలో ఎలుక కాపురముండి, వేరుసెనగ తొక్కలతో దానిని నింపివేసినది. ఎలుక యున్నచోట తీగలు కొరుకబడియుండును, దానిని వెదకుచు వచ్చు పాముండును. పగటి వెలుగులో, కఱ్ఱతో కదలించి చూచి, ఆ తరువాతనే చేయి పెట్టవలెను.

డీజిలు సంగతి. టాంకులోని పాత డీజిలు అడుగున నీరు చేరి, ఆ నీటికిని నూనెకును నడుమ సూక్ష్మజీవులు పెరిగి, నల్లని జిగురు ఏర్పడును. దానినే పంపునకు పంపినచో పంపు పాడగును. పంపు మరమ్మతు చవుక పని కాదు. ఐతే టాంకును దింపి కడుగుటకు ముందే ఇంజిను లేచునో లేదో తెలిసికొను ఉపాయము కలదు. ఐదు లీటర్ల డబ్బాలో క్రొత్త డీజిలు పోసి, ఇంజినుకంటె ఎత్తున కట్టి, పంపునకు పోవు గొట్టమును, నాజిళ్ళనుండి తిరిగివచ్చు గొట్టమును రెండింటిని అందులోనికే పెట్టవలెను. క్రొత్త డీజిలు ఫిల్టర్లు వేసి, చేతి పంపు కొట్టుచు, గాలి మరను వదులు చేసి బుడగలు లేని ధార వచ్చువరకు గాలి తీయవలెను. నాజిళ్ళను మరల బిగించునప్పుడు వాని క్రింది రాగి వాషర్లను క్రొత్తవి వేయవలెను. వాని ఖరీదు స్వల్పము, పాతవానితో పొగ చీదుట ఖాయము. పనిచేయు నాజిలు చిమ్ము ధారకు చేయి అడ్డము పెట్టరాదు. అది చర్మమును చొచ్చుకొని రక్తములో చేరును. గాయము సూదిపోటువలె చిన్నదిగా కనబడినను ఆసుపత్రికి పరుగెత్తవలసినదే.

పెట్రోలు బండి యైనచో పని తేలిక. పాత పెట్రోలు వార్నీషువలె గట్టిపడియుండును గనుక కార్బురేటరును విప్పి కడుగవలెను, పాయింట్లను సన్నని గరుకు కాగితముతో శుభ్రపరచవలెను. ఇప్పుడు బంకులలో దొరకు పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది. పాత కాలపు రబ్బరు గొట్టములకు అది సరిపడదు. వానిని మార్చకున్నచో నిప్పునకు దారి చూపినట్లగును.

ఇంజినును తొలిసారి లేపుటకు ముందు ఆపుటను గూర్చి ఆలోచింపవలెను. ఈ మాట వినుటకు వింతగా నుండవచ్చును. పాత డీజిలు పంపులలో, మనవారు మైకో పంపు అని పిలుచు వానిలో, డీజిలును కొలిచి ఇచ్చు కడ్డీ ఏండ్లు గడచిన పిమ్మట తెఱచియున్న స్థితిలో బిగిసిపోవుట కలదు. అప్పుడు ఇంజిను లేచినంతనే హద్దులేని వేగమున పరుగెత్తును, తాళపుచెవి త్రిప్పినను ఆగదు. కావున ఆపు మీట అటునిటు తేలికగా ఆడుచున్నదో లేదో ముందే చూడవలెను. ఇంకొక మనిషి బల్లచెక్క నొకదానిని పట్టుకొని గాలి పీల్చు గొట్టము దగ్గర నిలువవలెను. గాలి మూసినచో ఇంజిను ఆగును. చేతితో మూయరాదు, గుడ్డతో మూయరాదు. ఆపు మీటను లాగిపట్టియే స్టార్టరుతో త్రిప్పి, ఆయిలు దీపము ఆరిన తరువాతనే మీటను వదలవలెను. ఇది యంతయు ఆరుబయట జరుగవలెను. కొట్టములో పొగ నిండినచో మనుష్యులు తెలియకయే ప్రాణములు విడుతురు.

మేము చూచిన బండి మూడవ ప్రయత్నమున లేచినది. మొదట తెల్లని పొగ, పిదప నీలిపొగ. చుట్టు చేరినవారు ‘అయిపోయె’ అనిరి. మెకానిక్కు ఊరకే నిలిచియుండెను. అరగంట గడచునప్పటికి పొగ పలుచబడినది. నిలిచిపోయిన ఇంజినులో రింగులు తమ చోట సర్దుకొనుటకు కొంత సమయము కావలెను. నీలిపొగ నూనె కాలుటకు గుర్తు. అది తగ్గనిచోనే విచారింపవలెను. తెల్లపొగ తగ్గక, రేడియేటరులో నీరు తగ్గుచున్నచో హెడ్డు విప్పవలసినదే.

రేడియేటరు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. మన బోరు నీళ్ళు ఉప్పునీళ్ళు. పండ్లకు గారపట్టించు నీరు రేడియేటరు గొట్టములకు పట్టింపదా? వాననీరు గాని, శుద్ధజలము గాని పోసి కూలెంటు కలుపుకొనుట మేలు. రేడియేటరును విప్పించి కడ్డీలతో గీకించుట హిందూపురములో ఒక పూట పని.

ఇంజిను మ్రోగినది గదా యని గేరు వేయుటకు తొందరపడువారు చాలమంది. క్లచ్చి పలక ఫ్లైవీలునకు అంటుకొని యున్నచో గేరు పడదు. పెడలును త్రొక్కి, సీటునకు దానికి నడుమ కఱ్ఱముక్కను అడ్డముపెట్టి ఒక రాత్రి ఉంచినచో తరచు అదియే ఊడివచ్చును. ఊడకున్నచో విప్పవలెను గాని, గేరులో పెట్టి స్టార్టరు కొట్టి బండిని ముందుకు దూకించు మోటు పద్ధతిని ఇండ్ల నడుమ చేయరాదు.

బ్రేకుల యొద్ద మాత్రము మేము పొదుపును ఒప్పుకొనము. ఇంజిను చెడినచో బండి ఆగును. బ్రేకు చెడినచో ఆగదు. నాలుగు డ్రమ్ములను విప్పి, చక్రముల సిలిండర్లను తీసి, రబ్బరు కప్పులన్నిటిని క్రొత్తవి వేయవలెను. సిలిండరు లోపల గుంటలు పడినచో సిలిండరునే మార్చవలెను. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనును, పదేండ్లలో అది సగము విషమైయుండును. కొందరు పొదుపునకై బ్రేకు భాగములను కిరసనాయిలుతో కడుగుదురు, ఇంజిను ఆయిలు పోయుదురు. వానితో రబ్బరు ఉబ్బి బ్రేకు పట్టుకొనిపోవును. కిరసనాయిలుతో కడుగవలసినది చక్రపు బేరింగులను. వానిలోని గట్టిపడిన గ్రీజును తీసి క్రొత్తది నింపవలెను. ఈ పనులకై బండిని జాకీపై లేపినప్పుడు దాని క్రింద ఇటుకలు పేర్చరాదు, అవి ఒక్కసారిగా పొడియగును. మన యూళ్ళలో చౌకగా దొరకు రాతి దిమ్మెలును నమ్మదగినవి కావు. మందపు మ్రాను మొద్దులో, ఇనుప స్టాండులో కావలెను.

టైర్ల ప్రక్కన చివర నాలుగంకెలు అచ్చువేసియుండును. 2314 అని యున్నచో 2014వ సంవత్సరపు 23వ వారములో తయారైనదని అర్థము. పైన గాడి ఎంత లోతుగానున్నను పదేండ్లు దాటిన టైరుపై సరకు వేయుట తగదు. అప్పటికి రీట్రెడింగునకు కూడ అది పనికిరాదు.

మరి పొదుపు ఎక్కడ? స్టార్టరు, డైనమో వంటివానికి క్రొత్తవి కొనక చుట్టు వేయించుకొనవచ్చును. అరిగిన పిన్నులు, బుష్షులు లేతు మీద చేయించుకొనవచ్చును. తలుపులు, అద్దములు, దీపపు గిన్నెలు, గేరుపెట్టె, రేడియేటరు వంటివి పాతవి దొరకును. ధర్మవరములో రైలెక్కి పెనుకొండ, హిందూపురముల మీదుగా బెంగళూరునకు పోయి సాయంకాలమునకు తిరిగిరావచ్చును. అక్కడ శివాజీనగరు గుజిరీలో పాత భాగములును, జె.సి. రోడ్డులో క్రొత్త భాగములును కుప్పలుగా నుండును. చేతిలో పాత భాగము నమూనాగా లేకుండ పోవుట దండుగ. ఒకే పేరు గల బండికే ఏడాదికొక రకము భాగములు వచ్చినవి. బ్రేకు రబ్బర్లు, స్టీరింగు జాయింట్లు, నూనె గొట్టములు మాత్రము ఎంత చవుకగా ఇచ్చినను పాతవి కొనరాదు.

ఇంత చూచిన పిమ్మట, ఛాసిస్ పగిలినదనియో, బ్లాకు చీలినదనియో, పన్ను బకాయి బండి వెలను మించినదనియో తేలినచో, బండిని వదలుకొనుటలో నామర్ద లేదు. అంతవరకు మన చేతినుండి పోయినది ఐదు లీటర్ల డీజిలు, కొంచెము ఆయిలు, రెండు దినముల శ్రమ మాత్రమే. అయితే గుజిరీ వర్తకునికి తూచి ఇచ్చి ఊరకుండరాదు. బండి ముక్కలైనను రిజిస్ట్రేషను మన పేరుననే యుండును. వాహనము శాశ్వతముగా పనికిరాకుండ పోయినచో పదునాలుగు దినములలో తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. 2021 నాటి నియమముల ప్రకారము నమోదైన తుక్కు కేంద్రమునకు ఇచ్చినచో వారొక ధ్రువపత్రము నిత్తురు. మరొక బండి కొనునప్పుడు పన్నులో రాయితీకి అది పనికివచ్చును.

బండి నిలిచినచో, తొలి ప్రయాణము భీమా తీసికొనిన తరువాతనే. సరకు వేయక, చెఱువుకట్ట ఎక్కక, సమతలమైన త్రోవను మెల్లగా నాలుగైదు కిలోమీటర్లు పోయి ఆపి, నాలుగు చక్రముల నడిమి భాగమును చేతితో తాకి చూడవలెను. ఒకటి మాత్రము కాలుచున్నచో అక్కడ బ్రేకు పట్టుచున్నదని గాని, బేరింగు బిగిసినదని గాని తెలియును. చక్రపు నట్లను మరల బిగించి, క్రింద నూనె చుక్కలు పడుచున్నవేమో చూచి, తిరిగి యింటికి రావలెను. మేము చూచిన బండి ముందటి ఎడమ చక్రము అట్లే కాలినది. మెకానిక్కు ఆ సాయంకాలము దానిని మరల విప్పెను. ఫిట్‌నెస్ పరీక్షకు పోవుటను ఆ యువకుడు సోమవారమునకు మార్చుకొనెను.